గది ఏ వీధిలో?

వదిన: ఆదివారం మీ అన్నని తూత్తుకుడిలో ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగుకి తీసుకెళ్తానంటున్నావు, సంతోషం. మరి సోమవారం సాయంత్రం ఆరున్నరకి ఎవరొస్తారు అబ్బాయ్? టాస్మాక్ బ్రాందీ షాపు మధ్యాహ్నం పన్నెండింటికి తీస్తే రాత్రి పదింటిదాకా మూయరు. తాగడానికి నడిచిపోయే దూరం, మానడానికి మాత్రం గంట బస్సు ప్రయాణమా? ఒట్టపిడారంలోనే ఒక గది చూడు. మానినవాళ్ళూ, మానాలనుకునేవాళ్ళూ వారానికి మూడు సాయంత్రాలు కూర్చునే చోటు. అంతకంటే నేనేమీ అడగడం లేదు.

మరిది: గది ఏ వీధిలో వదినా?

వదిన: ఏ వీధైతేనేం?

మరిది: ముందు అది తేల్చు. మన తెలుగిళ్ళ వైపు పెడితే అవతలి వీధివాళ్ళు గడప తొక్కరు. వాళ్ళ వైపు పెడితే మనవాళ్ళు తల తిప్పుకుని పోతారు. 1995లో కొడియన్‌కుళంలో పోలీసులు దళితుల ఇళ్ళ మీద పడింది ఈ జిల్లాలోనే, మనం మరిచిపోయినా వాళ్ళు మరిచిపోరు. పోనీ బజార్లో పెడదామా? టీకొట్టు బెంచీ మీద కూర్చున్నవాళ్ళు, ఇవాళ ఎవరెవరు మెట్లెక్కారో లెక్కపెడతారు. పట్నంలో నేను మొదటిసారి వెళ్ళినప్పుడు పేరొక్కటే అడిగారు. ఊరడగలేదు, వీధడగలేదు, ఎవరి కొడుకువనీ అడగలేదు. రెండేళ్ళుగా నా పక్క కుర్చీలో కూర్చునే మనిషి ఉప్పళంలో కూలో, బ్యాంకులో మేనేజరో నాకీనాటికీ తెలీదు. ఒట్టపిడారంలో అలాంటి కుర్చీ ఒకటి చూపించు, రేపే గదికి అద్దె కడతాను.

వదిన: నీకు తెలియని మనిషి కావాలి. మీ అన్నకి తెలిసిన మనిషి కావాలేమో! తాగి కాలవ గట్టు మీద పడ్డ రోజున ఎత్తుకొచ్చింది తెలిసినవాళ్ళే. అప్పుడు లేని మరుగు మానేటప్పుడు ఎందుకట?

మరిది: చెబుతాను. అమ్మ కమ్మలు నేను తాకట్టు పెట్టాను, నీకు తెలుసు. ఆ సంగతి మొదటిసారి నోరు విప్పి చెప్పింది ఆ గదిలో. ఆ తాకట్టు కొట్టాయన తమ్ముడు నా పక్కనే కూర్చుని ఉంటే చెప్పేవాణ్ణా?

వదిన: కమ్మల సంగతి ఊరంతటికీ ఆ వారమే తెలిసింది. ఎవరికీ తెలియదని నువ్వొక్కడివే అనుకున్నావు.

మరిది: కావచ్చు. ఊరికి తెలియడం వేరు, నేను చెప్పుకోవడం వేరు. కమ్మలు పోయాయని ఊరికి తెలుసు. వాటిని చెవుల్నించి తీసి ఇస్తూ, "రాత్రి అన్నానికి వస్తావా?" అని అమ్మ అడిగిందని ఊరికి తెలీదు. నేను చెప్పాల్సింది అదీ. ఇంకో సంగతి, చెబితే నవ్వుతావు. అక్కడ మాటంతా తమిళంలో. మనం ఇంట్లో మాట్లాడేది తెలుగు. తమిళంలో కనక చెప్పగలిగాను. అమ్మ నేర్పిన మాటల్తో అమ్మకి చేసిన పని చెప్పాలంటే గొంతు పెగిలేది కాదు.

వదిన: నాకు నవ్వు రాలేదులే. కానీ మీ అన్న నీలాగా మాటకారి కాడు. నలుగురు కొత్తవాళ్ళ ముందు తమిళంలో లేచి నిలబడమంటే, ఆ భయానికే ముందు ఒక క్వార్టరు వేసుకుని వస్తాడు.

మరిది: లేచి నిలబడమని ఎవరూ అనరు. వెనక కుర్చీలో కూర్చుని టీ తాగి రావచ్చు. ఫీజు లేదు, దస్తావేజు లేదు. తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు, ఇంకే అర్హతా అక్కర్లేదు. చివర్లో డబ్బాలో ఎవరికి తోచింది వాళ్ళు వేస్తారు. బయటివాళ్ళిచ్చే చందా అస్సలు తీసుకోరు. ఎమ్మెల్యే ఇస్తానన్నా వద్దంటారు.

వదిన: ఆ మాట నచ్చింది. ఇన్నీ తెలిసినవాడివి, ఆ సంఘం ఎలా మొదలైందో కూడా నువ్వే చెప్పావు కదా? మళ్ళీ చెప్పు.

మరిది: 1935లో. అమెరికాలో ఒహాయో రాష్ట్రం ఆక్రన్ అనే ఊళ్ళో. బిల్ విల్సన్ అని న్యూయార్కులో షేర్ల వ్యాపారి, తాగుడు మాని కొన్ని నెలలే అయింది. పనిమీద ఆ ఊరు వచ్చాడు, పని చెడింది. హోటల్లో ఒకవైపు బారు, ఒకవైపు ఫోను. ఫోను వైపు వెళ్ళి, చర్చీల జాబితా పట్టుకుని, తనలాంటి తాగుబోతు ఎవరైనా ఉంటే మాట్లాడాలని అడుగుతూ పోయాడు. చివరికి డాక్టర్ బాబ్ అనే సర్జన్ని కలిపారు. పదిహేను నిమిషాలే కూర్చుంటానన్న డాక్టరు గంటల తరబడి కూర్చున్నాడు. ఆయన ఆఖరిసారి తాగింది జూన్ 10న. ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టినరోజు అదే. చూశావా, ఊరు కాని ఊరివాడు వచ్చి మాట్లాడితేనే డాక్టరు విన్నాడు. అంతకుముందు భార్య చెప్పింది, స్నేహితులు చెప్పారు, చర్చి వాళ్ళూ చెప్పారు. విన్నాడా?

వదిన: ఆ తర్వాత? బిల్ ఎండాకాలం అయ్యాక న్యూయార్కు వెళ్ళిపోయాడు. బాబ్ ఎక్కడున్నాడు? ఆక్రన్‌లోనే. ఇద్దరూ కలిసి మూడోవాణ్ణి ఎక్కడ వెతికారు? అదే ఊరి ఆస్పత్రిలో, మంచానికి కట్టేసి ఉంచిన లాయర్ని. బాబ్ ఆ ఊళ్ళో అందరికీ తెలిసిన సర్జను. చేతులు వణికే సర్జనని కూడా తెలిసే ఉంటుంది. ఆయన సిగ్గుపడి వేరే ఊరికి బస్సెక్కి ఉంటే మీ సంఘం ఉండేదా? ఇద్దరు ముగ్గురు కూర్చుంటే చాలు, అదే గ్రూపు అని మీ నియమాల్లోనే రాసుకున్నారు. ఇద్దరు చాలన్నప్పుడు ఒట్టపిడారంలో ఎందుకు కుదరదు? వ.వు.చిదంబరం పిళ్ళై పుట్టిన ఊరిది. 1906లో తెల్లవాడి మీద పోటీకి ఓడల కంపెనీ పెట్టిన మనిషి. మనం ఒక గది పెట్టలేమా?

మరిది: ఆ కంపెనీ చివరికి ఏమైందో కూడా తెలుసు కదా!

వదిన: వెటకారం వద్దు.

మరిది: సరే, ఒప్పుకుంటున్నాను. బాబ్ సంగతి నేనెప్పుడూ అలా చూడలేదు. కానీ గదికంటే ముందు మాట్లాడాల్సింది ఒకటుంది. నువ్వు వారం రోజులుగా అన్నని పాంచాలంకురిచ్చి తీసుకెళ్ళి జక్కమ్మ ముందు ఒట్టు వేయిస్తానంటున్నావు. ఒట్టు వేయించు, నేను కాదనను. ఆ రోజు నుంచే చుక్క ముట్టకూడదని మాత్రం పట్టుబట్టకు.

వదిన: ఒట్టంటే అదే కదా?

మరిది: పదేళ్ళుగా పొద్దున్నే చేతులు వణికితే ఒక గుక్క వేసుకునే శరీరం అది. ఒక్కసారిగా ఆపితే మొదటి రెండు రోజుల్లోనే మూర్ఛ రావచ్చు. రెండో రోజు, మూడో రోజు, ఒక్కోసారి నాలుగో రోజు మనిషి మనిషిలా ఉండడు. పైవీధిలో అమ్మవారి ముందు కంకణం కట్టుకున్నాయన గుర్తున్నాడా? మూడో రాత్రి ఒంటిమీద లేని చీమల్ని దులుపుకుంటూ, గోడ మీద ఎవరో ఉన్నారని చెంబు విసిరాడు. ఒళ్ళంతా చెమట, కాలిపోయే జ్వరం. ఇంట్లోవాళ్ళు అమ్మవారికి కోపమొచ్చిందన్నారు. ఎవరో సారా నోట్లో పోస్తే తగ్గింది. దాంతో, వాడికి తాగుడే మందని ఊరు తీర్మానించింది. దానికి మందు ఆస్పత్రిలో ఉంది. కొన్నాళ్ళు మాత్రలిచ్చి మెల్లగా దించుతారు, బి1 విటమిను ఎక్కిస్తారు. తూత్తుకుడి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, డబ్బు అక్కర్లేదు. అది అయ్యాకే గది, గుడి, ఏదైనా. మా మీటింగులో మందులివ్వరు, ఇవ్వకూడదు కూడా.

వదిన: ఇది ముందే చెప్పి ఉంటే బాగుండేది. నేను గురువారానికి పూజారితో మాట్లాడేశాను.

మరిది: పూజారికి కూడా చెప్పు. వచ్చినవాళ్ళని ముందు డాక్టరు దగ్గరికి పంపే పూజారి ఉంటే, ఈ తాలూకాలో ఆయన చేసే మేలు నాలాంటివాళ్ళు వందమంది చేయలేరు. ఒట్టుని తీసిపారేయడం లేదు వదినా. అయ్యప్ప మాల వేసుకుని నలభై ఒక్క రోజులు చుక్క ముట్టనివాళ్ళు మన ఇళ్ళలోనే లేరా? ఆ రోజుల్లో స్వామీ అని పిలుస్తారు, చాప మీద పడుకుంటాడు, సాయంత్రం భజనకి పోతాడు. మాల తీసిన సాయంత్రమే వస్తుంది చిక్కు. స్వామి అన్న పిలుపు పోయింది, భజన పోయింది, పాత స్నేహితులు మాత్రం ఎక్కడివాళ్ళక్కడే ఉన్నారు.

వదిన: చూడు, నా మాటే నువ్వు చెప్పావు. ఆ నలభై ఒక్క రోజులు ఎలా నడిచాయి? రోజూ సాయంత్రం పక్కవీధిలోనే భజన ఉంది కనక. అందరికీ తెలిసేలా మెడలో మాల ఉంది కనక. తెలియడమే కాపలా కాసింది. నువ్వేమో తెలియకపోవడమే మందంటున్నావు.

(ఈ సంవాదంలో వదిన పక్షాన ఇంతకంటే గట్టి మాట నాకు కనిపించలేదు. మరిది కూడా దీనికి సూటిగా జవాబు చెప్పలేదు, పక్కనుంచి వచ్చాడు.)

మరిది: మాల వేసుకున్నవాడు మధ్యలో తాగితే ఏమవుతుంది?

వదిన: చేయకూడని తప్పు.

మరిది: అవును. మళ్ళీ ఆ గుంపులో మొహం చూపించలేడు. తాగుడు మానేవాడు మాత్రం జారుతాడు వదినా. నేను మూడుసార్లు జారాను. మూడుసార్లూ మళ్ళీ వెళ్ళి వెనక కుర్చీలో కూర్చుంటే, "వచ్చావా, కూర్చో" అన్నారు. అంతే. అదే ఒట్టపిడారంలో అయితే, సోమవారం జారితే మంగళవారం పొద్దుటికి పాలవాడు చెబుతాడు. గురువారం గది దాకా వచ్చి గుమ్మం దగ్గర్నుంచే వెనక్కి పోతాడు. నీ కూతురికి సంబంధాలు చూస్తున్నావు. "పిల్ల తండ్రి మానాడట" అన్న మాట వేరు, "పిల్ల తండ్రి తాగుబోతుల మీటింగుకి పోతున్నాడట" అన్న మాట వేరు. రెండోది కోవిల్‌పట్టి దాకా పోతుంది.

వదిన: పోతుంది. అది నేను ఆలోచించలేదని కాదు, ఆలోచించే అడిగాను. పిల్ల పెళ్ళి చూడ్డానికి తండ్రి ఉండాలి కదా.

సరే, సిగ్గు సంగతి పక్కన పెట్టు. పనిచేస్తుందా, చేయదా? అది చెప్పు.

మరిది: చేస్తుందనే తేలింది. 2020లో కోక్రేన్ అనే వైద్య పరిశోధనల సంస్థ 27 అధ్యయనాలు, పదివేల మందికి పైగా మనుషుల లెక్కలు ఒకచోట పెట్టి చూసింది. మీటింగులకి అలవాటు చేసే పద్ధతి, పూర్తిగా మానేయడంలో మిగతా మానసిక చికిత్సల కంటే మెరుగ్గానే కనిపించింది. ఖర్చూ తక్కువ.

వదిన: ఆ పదివేల మందిలో మన కరిసల్ నేల మీద మిరపకాయలు కోసినవాళ్ళెంతమంది?

మరిది: దాదాపు అందరూ అమెరికావాళ్ళే. అది నిజం.

వదిన: పీహెచ్‌సీ నర్సమ్మ నాకు గోవా సంగతి చెప్పింది. అక్కడ డాక్టర్లు కాని మామూలు మనుషులకి తర్ఫీదిచ్చి పీహెచ్‌సీల్లోనే కూర్చోబెట్టారట. తాగేవాళ్ళతో ఒకటి నుంచి నాలుగు సార్లు మాట్లాడించారట. మాట్లాడించని వాళ్ళకంటే వీళ్ళు ఎక్కువమంది దారికొచ్చారని 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చిందట. పట్నం వెళ్ళలేదు, దగ్గరి మనిషే మాట్లాడాడు. జ్వరానికి వెళ్ళినట్టు వెళ్ళి రావచ్చు, ఎవరూ వేలెత్తి చూపరు. నీకు కావలసిన మరుగు, నాకు కావలసిన దగ్గర, రెండూ ఉన్నాయి కదా?

మరిది: మంచిదే. కానీ అది తాగుడు ముదరని వాళ్ళమీద చేశారు. పూర్తిగా బానిసైనవాళ్ళని అందులో చేర్చుకోలేదు. అన్న ఆ గీత ఎప్పుడో దాటాడు. అతనికి నాలుగు మాటలు చాలవు, నాలుగేళ్ళ మాటలు కావాలి. నాలుగేళ్ళు మాట్లాడే ఓపిక జీతగాడికి ఉండదు. అదే జబ్బు ఉన్నవాడికే ఉంటుంది, ఎందుకంటే అవతలివాడితో మాట్లాడకపోతే తనే తాగుతాడు.

వదిన: మరి మంజక్కుడి? తాగుడికి భర్తని పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ 1980లో చెన్నైలో టి.టి.కె. ఆస్పత్రి పెట్టింది. అక్కడితో ఆగలేదు. తిరువారూరు జిల్లాలోని ఆ పల్లెకే వెళ్ళి క్యాంపు వేయించింది. ఊళ్ళోనే పడకలు, ఊళ్ళోనే డాక్టర్లు, కుటుంబాలతో మాటలు. పల్లెటూరివాడు పట్నానికి రాడని ఆవిడకి తెలుసు.

మరిది: ఆవిడ గొప్పతనం నేను కాదంటానా! చికిత్స ఊళ్ళోకి రావాలన్నది వందపాళ్ళు ఒప్పుకుంటాను. డాక్టరు ఊళ్ళోకి వస్తే మనం సిగ్గుపడక్కర్లేదు, ఆయన మనవాడు కాడు. క్యాంపు అయ్యాక వాళ్ళు వెళ్ళిపోతారు, నేను చెప్పిన రహస్యం కూడా వాళ్ళతోనే పోతుంది. నా గొడవల్లా ఇక్కడే ఉండిపోయేవాళ్ళతోటే.

వదిన: నా ఆశ కూడా ఇక్కడ ఉండిపోయేవాళ్ళ మీదే. ఆడవాళ్ళం కలిసి ఏం చేయగలమో 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చూశాం. అక్షరాలు నేర్చుకోవడానికి కూర్చున్నవాళ్ళు సారా దుకాణం మూయించారు. గదంటూ ఉంటే, రేపు ఈ షాపు సంగతి కూడా...

మరిది: వద్దు వదినా. ఆ గదిలో షాపు మాట ఎత్తకూడదు. అది మా పద్ధతి. ప్రభుత్వం అమ్మాలా, మూయాలా, నిషేధం పెట్టాలా అన్నదాని మీద సంఘానికి అభిప్రాయం లేదు. ఎత్తిన మర్నాడు రెండు పార్టీల జెండాలు గుమ్మంలో ఉంటాయి. దూబగుంట పుణ్యాన సారా పోయింది, 1995లో ఆంధ్రలో పూర్తి నిషేధం వచ్చింది, 1997లో దాదాపు ఎత్తేశారు. ఇక్కడ 2003 నుంచి చిల్లర అమ్మకం ప్రభుత్వమే చేస్తోంది. చట్టం వస్తుంది, పోతుంది. అన్నకి మాత్రం ఈ సాయంత్రం గడవాలి.

వదిన: షాపు మూయించమనేవాళ్ళు వేరే కూర్చుంటాంలే. దానికి నీ అనుమతి అక్కర్లేదు.

(షాపు మీద ఇంకా చాలాసేపు నడిచింది. అది మరో సంవాదం, ఇక్కడ వదిలేస్తున్నాను. ఇంటికి వ్యాన్ పంపి మనిషిని ఎత్తుకుపోయి, కట్టేసి కొట్టే ప్రైవేటు సెంటర్ల జోలికి పోకూడదని మాత్రం ఇద్దరూ ఒక్క గొంతుతో అన్నారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగకుండా ఎక్కడా చేర్చకూడదని కూడా.)

మరిది: నీ సోమవారానికి నా దగ్గర ఒక జవాబుంది. కరోనా రోజుల నుంచి మీటింగులు ఫోన్లోనే జరుగుతున్నాయి. ఏ సాయంత్రమైనా ఏదో ఒకటి దొరుకుతుంది. అర్ధరాత్రి మరీ కష్టమైతే 14416, ప్రభుత్వం వాళ్ళ టెలీ మానస్. తమిళంలోనూ తెలుగులోనూ పలుకుతారు.

వదిన: రెండు గదుల ఇల్లు మాది. ఆయన ఫోన్లో "నేను తాగుబోతుని" అంటుంటే పక్కగదిలో పిల్ల పరీక్షకి చదువుకుంటూ ఉంటుంది. నేను గిన్నెలు తోముతున్నట్టు నటించాలి. నీ మరుగు ఎక్కడుంది అందులో?

మరిది: లేదు. నేను చేనుగట్టు మీదికి పోయి మాట్లాడేవాణ్ణి. అక్కడ సిగ్నల్ సరిగా ఉండదు.

వదిన: ఇంకొకటి అడుగుతాను, నిజం చెప్పు. జారిన మూడుసార్లూ ఏ రోజున జారావు?

మరిది: ...ఒకటి శనివారం. పుదియంపుత్తూరులో బట్టలు కుట్టి వారం కూలి తీసుకుని వస్తూ. మిగతా రెండూ వారం మధ్యలో. పట్నంలో ఉండే పెద్దాయనకి ఫోన్ చేశాను. "బయల్దేరి వచ్చెయ్" అన్నాడు. ఆఖరి బస్సు పోయింది.

వదిన: ఆ రాత్రి ఇక్కడ ఒక్క మనిషి ఉండి ఉంటే?

మరిది: తాగేవాణ్ణి కాదేమో.

వదిన: అదే నేను చెప్పేది.

మరిది: నాకూ ఒక నిజం చెప్పు వదినా. గది ఊళ్ళోనే కావాలంటున్నది అన్న కోసమేనా? ఆయన లోపలికి వెళ్ళాడో లేదో కిటికీలోంచి చూసుకోవడానికి కాదూ?

వదిన: అదీ ఉంది. ఇరవై ఏళ్ళు గేటు చప్పుడు వింటూ పడుకున్నదాన్ని, ఎలా వస్తున్నాడో అడుగుల్ని బట్టి చెప్పగలను. చూడకుండా ఉండడం నాకు చేతకాదు.

మరిది: దానికీ మీటింగుంది. ఆ బిల్ విల్సన్ భార్య లోయిస్, తోటి ఆడవాళ్ళతో కలిసి 1951లో ఇంటివాళ్ళ కోసం వేరే సంఘం పెట్టింది, అల్-అనాన్ అని. మొగుడు మానినా మానకపోయినా తమ బతుకు తాము ఎలా బతకాలని మాట్లాడుకుంటారు. బహిరంగ మీటింగులకైతే నువ్వు అన్నతోనే రావచ్చు. ఆదివారం నువ్వూ రా.

వదిన: రెండు గేదెలు, మంచాన అత్తయ్య, పిల్ల. వీళ్ళని ఎవరికి అప్పగించి రానూ? నా గది కూడా ఊళ్ళోనే కావాలని ఇప్పుడర్థమైందా? మగవాడికి పట్నం పోయి పేరులేనివాడు కావడం సాధ్యం. ఆడది ఒట్టపిడారంలో బస్సెక్కితే ఎక్కడికని నలుగురు అడుగుతారు.

మరిది: దానికి నా దగ్గర జవాబు లేదు.

వదిన: జవాబు నీ దగ్గరే ఉంది, చెప్పడానికి భయపడుతున్నావు. ఇద్దరుంటే గ్రూపని మీ నియమమే. ఈ ఊళ్ళో మానినవాడివి, తిరిగి చెప్పగలిగినవాడివి నువ్వే. మొదటి కుర్చీ నీది.

మరిది: కూర్చుంటే నా పేరు పోతుంది. దుకాణం పెట్టుకోవడానికి అప్పు అడుగుతున్నాను, మా మామగారి హామీ మీద. ఆయనకి నేను ఎప్పుడూ తాగలేదనే నమ్మకం. నువ్వు నన్ను అడుగుతున్నది గది కాదు వదినా.

వదిన: తెలుసు. తెలిసే అడుగుతున్నాను. అడగకూడదేమో కూడా.

మరిది: ముందు అన్నని ఆస్పత్రికి చూపిద్దాం. ఆదివారాలు నాతో పట్నం వస్తాడు, అది మారదు. సోమవారం ఆరున్నరకి నేను మీ ఇంటికి వస్తాను. బోర్డు లేదు, పేరు లేదు. వచ్చి కూర్చుంటాను.

వదిన: అయితే అదే గ్రూపు.

మరిది: కాదు. అన్నాతమ్ముళ్ళం. ఆయన నన్ను భుజాన మోసుకొచ్చిన రోజులున్నాయి. నా ముందు ఆయన ఎప్పటికీ అన్నే, నోరు విప్పడు. మూడోవాడు రావాలి, మా ఇద్దరికీ ఏమీ కానివాడు. ఆ మూడోవాడు మన వీధివాడు కాకూడదు.

వదిన: అవతలి వీధి నుంచి ఒకడొస్తే మా ఇంట్లోకి రానిస్తారా మీ పెద్దలు?

మరిది: నువ్వు రానిస్తావా?

వదిన: నేను రానిస్తాను. అత్తయ్య సంగతి చూడాలి. సోమవారం కుర్చీలు అరుగు మీద వేస్తాను.

మరిది: అరుగు మీద వద్దు. లోపల వెయ్యి, తలుపు దగ్గరగా వేసి.

వదిన: చీకటి పడే వేళకి మీ అన్నదమ్ములిద్దరూ లోపల తలుపేసుకుని కూర్చుంటే, కలిసి తాగుతున్నారనుకోరూ?